ఖాళీ చేసిన చోటు – ఫ్లాష్ ప్లేయర్ నేర్పిన పాఠం

2015. ఉప్పల్‌లో మెట్రో రైళ్లు ఇంకా ప్రయాణికులకు అందుబాటులోకి రాని రోజులు. స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం మేము నలుగురం నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ దాకా నడిచి, ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లేవాళ్లం. కుల, ఆదాయ సర్టిఫికెట్లు, మార్కుల మెమోలు స్కాన్ చేసి అక్కడి కంప్యూటర్లోనే దాచుకున్నాం. తెర మీద ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయమని వస్తే, ప్రతిసారీ దాన్ని మూసేసి పాటలు చూసేవాళ్లం. ఒకరోజు మా ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోలేదు. ఏ దారిన ఏం వచ్చిందో మాకు అంతుపట్టలేదు. మళ్లీ అన్నీ స్కాన్ చేయించి, గడువుకు ముందురోజు రాత్రి దరఖాస్తు పంపాం. ఆ తర్వాత మేము చదివి తెలుసుకున్నది తమ్ముళ్లకు చెప్పాలనే ఈ వ్యాసం.

బ్రౌజరు తనంతట తాను చూపలేని వీడియోలు, ఆటల కోసం దానికి తగిలించే చిన్న ప్రోగ్రామే ప్లగిన్. ఫ్లాష్ ప్లేయర్ అలాంటిదే. 2005 డిసెంబరులో అది అడోబీ కంపెనీ చేతికి వచ్చింది. 2007 డిసెంబరులో ఆ కంపెనీకి సీఈఓ అయిన శంతను నారాయణ్ చదివింది మన పక్కనున్న ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలోనే.

2015 జూలై 5న, నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మే హ్యాకింగ్ టీమ్ అనే ఇటలీ కంపెనీ నుంచి సుమారు 400 గిగాబైట్ల సమాచారం బయటపడింది. అందులో అప్పటిదాకా ఎవరూ సరిచేయని ఫ్లాష్ లోపం ఒకటి ఉంది. దానికి సీవీఈ-2015-5119 అని నంబరిచ్చారు.

ఆ లోపం ఏమిటో మన హాస్టల్ భాషలో చూద్దాం. వార్డెన్ సారు 12వ చోటునున్న పెట్టె మీద ఒక అంకె వేయాలి. ఎంత వేయాలని ఆ పెట్టె అబ్బాయినే అడిగారు. వాడు జవాబు చెబుతూనే పెట్టె తీసేసి, ఆ చోట తన స్నేహితుడి పెట్టె పెట్టించాడు. దాని మీద 'నావి ఇన్ని పెట్టెలు' అనే చీటీ ఉంది. సారు చూసుకోకుండా ఆ చీటీ మీదే పెద్ద అంకె వేశారు. ఇక ఆ స్నేహితుడు ఎవరి పెట్టె తెరిచినా అడ్డు చెప్పేవారు లేరు!

ఫ్లాష్‌లో జరిగిందీ ఇదే. బైట్‌అర్రే అనే మెమరీ పట్టికలో రాయడానికి అది ముందు చిరునామా పట్టుకుని, తర్వాత విలువ అడిగేది. ఆ విలువ చెప్పే కోడే పట్టిక సైజు మార్చేసేది. పాత చోటు ఖాళీ అయి, అందులోకి వెక్టర్ అనే మరో పట్టిక వచ్చేది. ఫ్లాష్ పాత చిరునామాకే రాసేసరికి వెక్టర్ పొడవు పెరిగిపోయేది. దాంతో మెమరీ అంతా దుండగుల చేతికి చిక్కి, తమ ప్రోగ్రామును నడిపించేవారు. దుండగుల ఫ్లాష్ ఫైలు ఉన్న ఒక పేజీ తెరిస్తే చాలు.

జూలై 8న అడోబీ సవరణ ఇచ్చింది. అయినా అప్‌డేట్ చేయని కంప్యూటర్ల మీద దాడులు సాగాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ముఠాలూ ఈ లోపాన్ని వాడుకున్నాయి. చివరికి 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది.

ఫ్లాష్ పోయింది గానీ మెమరీ తప్పులు పోలేదు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను తెరిచే కోడ్‌లో, కేటాయించిన చోటు దాటి రాసే లోపం బయటపడి క్రోమ్‌తో సహా పలు బ్రౌజర్లను సవరించాల్సి వచ్చింది.

తమ్ముళ్లారా! అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకండి. కానీ ఏదో పేజీ చూపించిన లింకు నుంచి కాదు, సెట్టింగుల్లోంచే చేయండి. సర్టిఫికెట్ల కాపీలు రెండుచోట్ల దాచుకోండి. మన దగ్గర ఉన్న ఆస్తి ఆ కాగితాలే కదా!