పత్తిపూవు – పరిశోధన విద్య

విద్యార్జనలో రెండు దశలున్నాయి. పూర్వులు కనుగొన్న విషయాలను గ్రహించడం మొదటిది. ఇంతవరకు ఎవరికీ తెలియని విషయాన్ని కనుగొని, దానిని నిరూపించడం రెండవది. ఇంటర్మీడియట్ విద్యార్థి కర్బన రసాయన శాస్త్రంలో సమ్మేళనాల పేర్లు, ధర్మాలు, చర్యలు నేర్చుకొంటాడు. ఎం.ఎస్సీ. విద్యార్థి ఆ చర్యలు ఏ క్రమంలో, ఎందుకు జరుగుతాయో లోతుగా తెలుసుకొంటాడు. డాక్టరేటుకై కృషి చేసే పరిశోధకునికి మాత్రం ఏ గ్రంథంలోనూ సమాధానం లేని ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్న ఒక్కొక్కసారి మన పొలం గట్టునే దొరుకుతుంది.

తిరువూరు ప్రాంతంలోని పెనుగొలను వంటి గ్రామాల వారికి పత్తిపూవు కొత్త కాదు. విచ్చుకొన్ననాడు లేత పసుపు వన్నెతో ఉండే పూవు మరునాటికి గులాబి రంగుకు మారుతుంది. రైతు ఆ పూవులో రాబోయే కాయను చూస్తాడు. రసాయన శాస్త్రవేత్తకు అందులో ఒక ప్రశ్న కనిపిస్తుంది. ఆ పసుపు వన్నెకు కారణమైన పదార్థం ఏది? దాని అణువులో పరమాణువులు ఏ తీరున అమరి ఉన్నాయి?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకినవారిలో ఆచార్య టి.ఆర్. శేషాద్రి ప్రముఖులు. ఆయన 1900లో తమిళనాడులోని కుళిత్తలైలో జన్మించారు. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్‌సన్ పర్యవేక్షణలో పరిశోధించి, 1929లో డాక్టరేటు పొందారు. ఆ రాబిన్‌సనే 1947లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. 1930వ దశకంలో శేషాద్రి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, తమ శిష్యులతో కలిసి పత్తి, గోగు మొదలైన మొక్కల పూలలోని వర్ణద్రవ్యాలను పరిశీలించారు. ఈ వర్ణద్రవ్యాలు ఫ్లేవనాయిడ్లు అనే కుటుంబానికి చెందినవి. పదిహేను కార్బన్ పరమాణువుల చట్రం వీటి మూలరూపం.

కంటికి కనిపించని అణువు నిర్మాణాన్ని ఎలా తెలుసుకోవాలి? ముందుగా ఎండిన పూలను ఆల్కహాలుతో మరిగించి సారాన్ని తీస్తారు. దాని నుండి ఒక్కొక్క పదార్థాన్ని వేరుచేసి, స్ఫటికాలుగా శుద్ధి చేస్తారు. పూలలో వర్ణద్రవ్యం తరచు చక్కెర అణువుతో జతకూడి ఉంటుంది. విలీన ఆమ్లంతో మరిగిస్తే ఆ చక్కెర విడిపోతుంది. మిగిలిన అణువును క్షారంతో ఛేదిస్తే చిన్న ముక్కలు లభిస్తాయి. ఆ ముక్కలు అంతకు ముందే తెలిసిన పదార్థాలైతే, వాటి ఆధారంగా మొత్తం నిర్మాణాన్ని ఊహించవచ్చు.

అయితే ఊహ నిరూపణ కాదు. ఊహించిన అణువును తెలిసిన పదార్థాల నుండి ప్రయోగశాలలో తయారుచేయాలి. దీనినే సంశ్లేషణ అంటారు. పిదప పూవు నుండి వచ్చిన స్ఫటికాలను, తాము తయారుచేసిన స్ఫటికాలను కలిపి వేడిచేస్తారు. రెండూ ఒకే పదార్థమైతే మిశ్రమం ద్రవీభవన స్థానం తగ్గదు. వేర్వేరు పదార్థాలైతే సాధారణంగా తగ్గుతుంది. తాళపత్ర ప్రతులను పోల్చి శుద్ధపాఠాన్ని నిర్ణయించే పరిష్కర్తకు ఎంత ఓర్పు అవసరమో, ఈ పనికీ అంత ఓర్పు అవసరం.

సూక్ష్మమైన తేడా కూడా ఇక్కడ ముఖ్యమే. పత్తిపూలలో లభించే గాసిపెటిన్ అణువుకు గ్లూకోజు 7వ స్థానంలో చేరితే గాసిపిట్రిన్, 8వ స్థానంలో చేరితే గాసిపిన్ అవుతాయి. భాగాలు అవే అయినా, కూడిన చోటు మారినందువల్ల అవి రెండు వేర్వేరు పదార్థాలు.

శేషాద్రి బృందం ఎర్రగోగు పూల నుండి హైబిసెటిన్ అనే పదార్థాన్ని వేరుచేసి, దాని నిర్మాణాన్ని పరిశీలించింది. నారనిచ్చే గోగు పూల నుండి లభించిన మరొక పదార్థానికి కన్నాబిసెటిన్ అని పేరు వచ్చింది. కాని అది అంతకు ముందే వేరొక మొక్కలో కనుగొన్న మైరిసెటిన్ అని తరువాత తేలింది. కొత్తది అనుకొన్న పదార్థం పాతదే అని తేలినప్పుడు పేరును వదలి సత్యాన్ని స్వీకరించడం శాస్త్ర ధర్మం. డాక్టరేటు విద్య అభ్యర్థికి నేర్పే విలువలలో ఇది ప్రధానమైనది.

ఈ కృషి ప్రశాంత పరిస్థితులలో సాగలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 ఏప్రిల్‌లో, విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వవిద్యాలయం తాత్కాలికంగా గుంటూరుకు తరలింది. హైబిసెటిన్‌పై పరిశోధన పత్రం వెలువడినది కూడా ఆ సంవత్సరంలోనే. 1949లో శేషాద్రి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించింది. 1975లో ఆయన పరమపదించారు.

నేడు సాధనాలు మారాయి. అయస్కాంత అనునాదం ఆధారంగా పనిచేసే ఎన్.ఎం.ఆర్. యంత్రం, అణుభారాన్ని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరు కొద్ది మిల్లీగ్రాముల పదార్థం నుండే నిర్మాణ వివరాలను అందిస్తాయి. ఒకప్పుడు నెలలు పట్టిన పని ఇప్పుడు రోజులలో పూర్తి కావచ్చు. అయినా యంత్రం గీసిన రేఖలకు అర్థం చెప్పవలసినవాడు పరిశోధకుడే. విఫలమైన ప్రయోగాన్ని దాచక నమోదు చేయడం, వచ్చిన ఫలితాన్ని తిరిగి సరిచూడడం నేటికీ తప్పని విధులు.

ఈ విద్యకు మార్గం అందరికీ తెరచి ఉంది. బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. పూర్తిచేసి, సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అర్హత పొందినవారికి పరిశోధన కాలంలో నెలనెలా భృతి లభిస్తుంది. విశ్వవిద్యాలయాలే కాక, హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి జాతీయ ప్రయోగశాలలు కూడా ఇందుకు వేదికలు. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం పి.హెచ్‌డి.కి కనీస కాలం మూడు సంవత్సరాలు.

ఇన్నేళ్ళ శ్రమకు ఫలితంగా ఒక్కొక్కసారి ఒకే ఒక్క అణువు నిర్మాణం తేలవచ్చు. అది అల్పమని భావించరాదు. ఒకరు నిరూపించిన ఆ చిన్న సత్యాన్ని ఆధారంగా గైకొని మరొకరు ఔషధాన్నో, అద్దకపు రంగునో రూపొందించగలరు. నిత్యం చూసే పైరునూ, పూవునూ ప్రశ్నించే అలవాటు ఉన్న విద్యార్థికి పరిశోధనలో తొలి మెట్టు అప్పటికే అందినట్లు.