అడవిలో మన చిందీ పీలికలు

గుట్ట మీద బాట వేయడమంటే పార, గొడ్డలి పట్టుకొని పోవడమే అనుకునేవాణ్ణి. కానీ మొదటి ఆరు నెలలు మేము వాటిని ముట్టనే లేదు. మా దగ్గర ఉన్నవి ఒక మ్యాపు, వాలు కొలిచే ఫోను, సంచి నిండా ఎర్ర చిందీ పీలికలు. ఆ చిందీ మా కార్ఖానాలో మిగిలిందే.

మాది భివండీ. 1982 జనవరి 18న ముంబయి మిల్లుల సమ్మె మొదలైనప్పుడు మా బాపు మిల్లులో పనిచేస్తుండె. తర్వాత ఆ మిల్లు ఆయన్ని మళ్ళీ పిలవలేదు. భివండీ వచ్చి సాంచలు పట్టిండు. నేనూ ఆ సాంచల చప్పుడులోనే పెరిగిన. అందుకే సెలవు దొరికితే ఆసన్‌గావ్ స్టేషన్‌లో దిగి, శహాపూర్ తాలూకా గుట్టలెక్కడం మా నలుగురైదుగురికి అలవాటైంది. ఆ నిశ్శబ్దం కోసమే పోయేటోళ్ళం.

రెండేండ్ల కింద వానకాలంలో మా గల్లీ పిల్లగాడొకడు అక్కడ జారి పడ్డడు. కాలు విరిగింది. కింది పాడా నుంచి ఠాకూర్ యువకులు వచ్చి, రెండు వెదురు బొంగులకు దుప్పటి కట్టి మోసుకొచ్చిండ్రు. అందులో ఒకాయన మాతో అన్న మాట ఇప్పటికీ మరిచిపోలె: "ఇది బాట కాదు, నీళ్ళు పోయే తావు. మీరే తొక్కి తొక్కి బాట చేసిండ్రు."

నిజమే. నిట్టనిలువుగా ఉన్న ఆ వాగు గాడినే అందరం దగ్గర దారి అనుకున్నం. ఏటా మనుషుల కాళ్ళ కింద మట్టి వదులై, వానకు కొట్టుకుపోయి రాళ్ళు తేలినయి. అందుకే అటవీ శాఖ అనుమతి తీసుకొని, పాడా యువకులతో కలిసి కొత్త బాట గుర్తు పెట్టే పనికి దిగినం.

ముందు మ్యాపు మీద రెండు రకాల చోట్లు రాసుకున్నం: బాట తప్పక తాకవలసినవి, తప్పక తప్పించుకోవలసినవి. వాగు దాటడానికి గట్టి రాయి ఉన్న చోటు మొదటి రకం. కొండ అంచు, బురద తావు రెండో రకం. తర్వాత వాలు. వంద అడుగులు నడిస్తే పది అడుగుల కంటే ఎక్కువ ఎత్తు ఎక్కకూడదు. పక్క వాలు ఎంత ఉందో బాట వాలు అందులో సగం దాటకూడదు. దాటితే వాన నీళ్ళు బాటను అడ్డంగా దాటిపోకుండా బాట వెంటే పరుగెత్తి, దాన్నే ఇంకో గాడి చేస్తయి. అందుకే మంచి బాట కొండకు అడ్డంగా, వంపులు తిరుగుతూ పోతది.

గుర్తులకు ప్లాస్టిక్ రిబ్బను వద్దనుకున్నం. నూలు చిందీ అయితే ఎక్కడైనా మరిచిపోయినా మట్టిలో కలుస్తది. పీలికలు చించుతుంటే బాపు చూసి, "పోగు తెగితే వేసే ముడి వెయ్యకురా, అది ఊడదు. రేపు మార్చుకోవాల్సొస్తది, జారుముడి వెయ్యి" అన్నడు. పీలిక కంటి ఎత్తున కట్టాలె. ఒక దాని దగ్గర నిలబడితే ఇంకోటి కనబడాలె, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. టేకు ఆకు రాలిన ఫిబ్రవరిలో, మార్చిలో నాలుగు ఆదివారాలు కట్టినం.

అయిదో ఆదివారం పోతే సగం పీలికలు లేవు. ఎవరో విప్పి, అన్నీ ఒక్క మూట చేసి, ఇప్ప చెట్టు కొమ్మకు వేలాడదీసిండ్రు. నాకు చాలా కోపమొచ్చింది. పాడాకు పోయి అడిగితే ఒక పెద్దామె బయటికొచ్చింది. "నేనే విప్పిన" అన్నది.

"బాయీ, మీ పిల్లగాండ్లను అడిగే కట్టినం గదా?"

"పిల్లగాండ్లను అడిగిండ్రు. రోజూ అడవికి పోయేటి ఆడోళ్ళను అడిగిండ్రా?"

మా బాట వాళ్ళ దేవ్‌రాయి లోంచి పోయింది. అంటే దేవుని పేర కొమ్మ కూడా విరవకుండా కాపాడుకునే అడవి. పక్కనే వాళ్ళు తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరుకునే చోటు. అక్కడ నీడ బాగుందని మేమే అటు తిప్పినం. 2006 అటవీ హక్కుల చట్టం పువ్వు, పండు, ఆకు ఏరుకునే హక్కును, అడవిని కాపాడుకునే అధికారాన్ని ఇట్లాంటి ఊళ్ళకే ఇచ్చింది. చట్టం లేకున్నా అడగడం మన ధర్మం. మన గల్లీలోకి ఎవరో వచ్చి చెప్పకుండా గోడకు సున్నం గీత గీస్తే మనం ఊరుకుంటమా?

గ్రామసభలో కూర్చున్నం. తర్వాతి వారం ఆ పెద్దామె, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ముందు నడిచిండ్రు, మేము వెనక. పశువులు ఏండ్లుగా పోయిన ఒక అడ్డదారి చూపించిండ్రు. ఫోనుతో కొలిస్తే చాలా చోట్ల వాలు మా లెక్కలోనే ఉంది! బాట కొంచెం పొడుగైంది, దేవ్‌రాయి పక్కకు ఉండిపోయింది. జారుముళ్ళు కాబట్టి పాత పీలికలే విప్పి మళ్ళీ కట్టినం.

జూన్‌లో వానలు పడ్డాక నీళ్ళు ఎటు పోతున్నయో చూద్దామని మళ్ళీ పోయినం. ఆకు చిగురించి పీలికలు చాలావరకు దాగిపోయినయి. రెండు చోట్ల బాట మీద నీళ్ళు నిలిచినయి. ఆ రెండు చోట్లా కొంచెం పైకి జరిపి కట్టినం. దసరా తర్వాత పార పట్టి, పాత గాడికి ముళ్ళకంప అడ్డం వేస్తం. మళ్ళీ గడ్డి మొలవాలె. ఆ గుట్టల చుట్టుపక్కల నీళ్ళే తాన్సా, భాత్సా చెరువుల్లో చేరి ముంబయి నల్లాల్లోకి వస్తయి. కొట్టుకుపోయే మట్టి కూడా అటే పోతది.

కాలు విరిగిన పిల్లగాడు ఇప్పుడు బాగానే నడుస్తున్నడు. పీలికల సంచి మోసేది వాడే. మీ ఇంటి పిల్లలు అటు వస్తే ఒక్క మాట చెప్పి పంపండి: ముందు పీలిక కనబడకపోతే అడుగు ముందుకు వేయొద్దు. వెనక్కి వచ్చి, చివరిగా చూసిన పీలిక దగ్గర నిలబడాలె.