రాతిలో చెక్కిన వాక్యం

ఐర్లాండ్ తూర్పు తీరానికి చేరువలో, లౌత్ అనే జిల్లాలో మొనాస్టర్‌బోయిస్ అనే చోటుంది. ఒకప్పుడు అక్కడ పెద్ద మఠం ఉండేది. ఇప్పుడు మిగిలింది కప్పులేని రెండు మందిరాలు, ఒక గుండ్రని రాతి గోపురం, ఒక సమాధుల తోట. ఆ సమాధుల మధ్య సుమారు 18 అడుగుల ఎత్తున ఒక రాతి సిలువ నిలబడి ఉంది. ఇసుకరాయితో చేసింది. సిలువ చేతులను కలుపుతూ పైన ఒక వలయం, అడుగు నుంచి కొన దాకా నాలుగు వైపులా బొమ్మలు. చెక్కి దాదాపు 1,100 ఏళ్లయింది. తనను చేయించిన ముయిరెదాక్ పేరుతోనే దాన్ని 'ముయిరెదాక్ సిలువ' అంటారు.

ఆ రోజుల్లో అచ్చు యంత్రం లేదు. బైబిలు అంటే దూడ తోలు మీద చేత్తో రాసిన లాటిన్ గ్రంథం. ఒక్క ప్రతి తయారు కావాలంటే చాలా దూడల తోళ్లు, కొన్నేళ్ల శ్రమ కావాలి. మఠం పశువులు కాసేవాడు, పొలం దున్నేవాడు దాన్ని తాకి కూడా ఎరుగడు. అలాంటివారిని ఈ రాతి ముందు నిలబెట్టి వాక్యం చెప్పి ఉంటారని పండితులు చాలామంది అంటారు.

ఈ సిలువ తూర్పు ముఖాన్ని కింది నుంచి పైకి చదవాలి. మొదటి చట్రంలో చెట్టు కింద ఆదాము, హవ్వ. వారి పక్కనే హేబెలు మీద చెయ్యెత్తిన కయీను. ఏదెను తోటకూ మొదటి హత్యకూ నడుమ గీత కూడా గీయలేదు ఆ శిల్పి. ఆదికాండం మూడవ అధ్యాయం నుంచి నాలుగవ అధ్యాయానికి ఎంత దూరమో బోధించడానికి నాబోటి వాళ్లకు ఒక ఆదివారం చాలదు. ఆయన ఒక్క చట్రంలో చెప్పేశాడు. దాని పైన దావీదు, గొల్యాతు. ఆ పైన బండను కొడుతున్న మోషే, నీళ్ల కోసం వరుసగా కూర్చున్న జనం. తరువాత మరియ ఒడిలోని శిశువును చూడవచ్చిన జ్ఞానులు. వలయం నడిమధ్య తీర్పు దినాన క్రీస్తు. ఆయన కుడివైపు వీణ వాయిస్తున్న దావీదు, పాడుతున్న సమూహం. ఎడమవైపు మూడు మొనల గునపంతో జనాన్ని తోలుకుపోతున్న అపవాది.

పడమటి ముఖాన వలయం మధ్యలో సిలువ వేయబడిన ప్రభువు, కింది చట్రాల్లో ఆయనను పట్టుకున్న సైనికులు, వేలు చాచిన తోమా. సిలువ చేయి అడుగుభాగాన, తలెత్తి చూసేవాడికి మాత్రమే కనబడేలా, ఒక హస్తం చెక్కి ఉంది. అది దేవుని హస్తం. మరో విచిత్రం, అడుగున శాసనం దగ్గర రెండు పిల్లులు పడుకుని ఉన్నాయి. వేదాంతానికి వాటితో పనేమీ లేదు. కానీ ఫొటోలో చూసినా ఆ శిల్పి మీద ప్రేమ పుడుతుంది.

ఇక్కడ మన ప్రొటెస్టెంట్ సంఘాలవారికి ఒక సందేహం రావడం సహజం. చెక్కిన బొమ్మలతో మనకేం పని? రెండవ ఆజ్ఞ మాటేమిటి? ఈ సందేహాన్ని తేలిగ్గా తీసివేయకూడదు. మోషే చేయించిన ఇత్తడి సర్పానికే ప్రజలు ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు (2 రాజులు 18). దేవుని ఆజ్ఞతో చేసిందే అయినా ఉంచలేదు. అయితే యొర్దాను నడుమ నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి నిలబెట్టమన్నది కూడా దేవుడే. ఈ రాళ్లేమిటని రేపు పిల్లలు అడిగినప్పుడు జరిగింది చెప్పడానికి అవి ఉండాలి (యెహోషువ 4). మొక్కించుకునే రాయి వేరు, ప్రశ్న పుట్టించే రాయి వేరు. నా దృష్టిలో ముయిరెదాక్ సిలువ రెండో కోవకు చెందినది.

అలాగని దాని మీద ఉన్నదంతా ఒప్పుకోనక్కరలేదు. తీర్పు దృశ్యం కింద ఆత్మను తూచే తక్కెడ ఉంది. దాన్ని తనవైపు వంచాలని అపవాది ప్రయత్నిస్తున్నాడు. పాపి తూకంలో నెగ్గి రక్షణ పొందడు, కృపచేత విశ్వాసం ద్వారానే పొందుతాడని పౌలు ఎఫెసీయులకు రాశాడు. ఆ తక్కెడ ముందు నేను నిలబడి బోధిస్తే ఆ మాట చెప్పకుండా ముందుకు పోను. శాసనంలో ముయిరెదాక్ కోసం ప్రార్థించమని ఉంది. చనిపోయినవారి కోసం మనం ప్రార్థన చేయం కాబట్టి అది కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు. ఏమైనా తన గొప్పలు రాయించుకోకుండా ప్రార్థన మాత్రమే అడిగాడు. శంకుస్థాపన ఫలకాల మీద మనం రాయించుకునే బిరుదుల వరుసతో పోల్చి చూడండి.

ఇంత వాక్య జ్ఞానం ఆ ద్వీపానికి ఎలా వచ్చింది? ఐదవ శతాబ్దంలో పాట్రిక్ అనే బ్రిటన్ కుర్రవాణ్ణి పదహారేళ్ల వయసులో దొంగలు ఐర్లాండ్‌కు ఎత్తుకుపోయి బానిసను చేశారు. ఆరేళ్లకు తప్పించుకున్నవాడు, తరువాత అదే దేశానికి సువార్తతో తిరిగి వెళ్లాడు. ఆ వెనుక వంద ఏళ్లలో దేశమంతటా మఠాలు లేచాయి. అక్కడ చదువంటే మొదట కీర్తనలే. 1914లో ఆంట్రిమ్ జిల్లా చిత్తడి నేలలో మైనం పూసిన చెక్క పలకలు దొరికాయి. వాటి మీద కీర్తనలు గీసి ఉన్నాయి. సుమారు క్రీ.శ. 600 నాటివి. అంటే మనం పలక మీద అక్షరాలు దిద్దినట్టు వాళ్లు దావీదు మాటలు దిద్దుకున్నారన్నమాట. నైరుతి తీరానికి 12 కిలోమీటర్ల దూరాన సముద్రంలో నిటారుగా లేచిన స్కెల్లిగ్ మైకేల్ అనే బండ మీద కూడా మఠం కట్టారు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన తేనెతుట్టె ఆకారపు గదులు ఇంకా ఉన్నాయి. ఆరు వందలకు పైగా మెట్లెక్కితే తప్ప వాటిని చేరలేం.

ఇలాంటి మఠాల నుంచే 563లో కొలంబా స్కాట్లండ్ తీరంలోని అయోనా ద్వీపానికి వెళ్లాడు. ఆ అయోనా నుంచి 635లో ఐడన్ ఉత్తర ఇంగ్లండ్‌కు వెళ్లాడు. కొలంబానస్ ఫ్రాన్స్ దాటి ఇటలీలోని బోబియోలో 615లో కన్నుమూశాడు.

మరి ఇవన్నీ శిథిలాలెందుకయ్యాయి? వైకింగులనే సముద్రపు దొంగల వల్ల అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. అది నిజమే. 795 నుంచి వాళ్ల దాడులు మొదలయ్యాయి. స్కెల్లిగ్ బండ మీది ఎట్గల్ అనే భక్తుణ్ణి కూడా వదల్లేదు. ఎత్తుకుపోతే ఆకలితో చనిపోయాడు. కాని కథ అక్కడితో ముగిస్తే సంఘానికి మేలు చేసినట్టు కాదు.

షానన్ నది ఒడ్డున క్లోన్‌మాక్‌నోయిస్ అనే మఠం ఉంది. ఆరవ శతాబ్దం మధ్యలో కియరాన్ అనే భక్తుడు దాన్ని స్థాపించి, ఏడాది తిరగకముందే తెగులుతో చనిపోయాడు. నిండా ముప్పై నాలుగేళ్లు లేవు. ఆయన వదిలిపోయింది ఒక చిన్న కొయ్య మందిరం. రెండు వందల ఏళ్లకు అదే మఠానికి భూములు, కౌలుదారులు, మందలు వచ్చాయి. మఠాధిపతి పదవి చాలాచోట్ల కుటుంబాల ఆస్తిగా మారింది. 764లో, అంటే వైకింగులు రావడానికి ముప్పై ఏళ్ల ముందే, ఈ మఠంవారు డరో అనే మరో మఠంవారితో యుద్ధం చేశారు. డరో పక్షాన 200 మంది చనిపోయారని ఆనాటి వార్షిక వృత్తాంతాలు చెబుతున్నాయి. చంపినవారూ చచ్చినవారూ ఒకే కీర్తనల గ్రంథం పాడుకునే మఠాలవారు. సంఘ ఆస్తుల తగాదాలతో మనవాళ్లు కోర్టు మెట్లెక్కి దిగుతున్న ఈ రోజుల్లో, ఆ 200 అనే అంకె దగ్గర నేను ఆగిపోయాను. 833లో భక్తిపరుడని పేరున్న మన్‌స్టర్ రాజు ఫెలిమి ఈ మఠంవారిని చంపించి, మందిర ద్వారం దాకా వారి భూములను తగలబెట్టించాడు. అతను అన్యుడు కాడు, క్రైస్తవ రాజే.

చివరి దెబ్బ ఎవరిదో మనవాళ్లు సాధారణంగా చెప్పరు. 1552లో ఆత్లోన్‌లోని ఇంగ్లీషు సేన వచ్చి గంటలు, ప్రతిమలు, బలిపీఠాలు, పుస్తకాలు, కిటికీ అద్దాలతో సహా దోచుకుపోయింది. అప్పుడు ఇంగ్లండ్ సింహాసనం మీద ఉన్నది ఆరవ ఎడ్వర్డ్, సంస్కరణ చరిత్రలో మనం మెచ్చుకునే బాలరాజు. విగ్రహాలను తీసివేయడం వేరు. దేవుని వాక్యమున్న పుస్తకాలను కూడా మూటకట్టుకుపోవడం ఏ సంస్కరణ?

పదవ శతాబ్దం తొలి ఏళ్లలో నిలబెట్టిన 'లేఖనాల సిలువ' మాత్రం ఆ దోపిడీ తరువాత కూడా అక్కడే ఉంది. వానకు, గాలికి అరిగిపోతోందని ఇప్పుడు అసలుదాన్ని సందర్శకుల భవనంలోకి చేర్చి, బయట నమూనాను నిలబెట్టారు. దాని మీద ఫ్లాన్ అనే రాజు, కోల్మాన్ అనే మఠాధిపతి పేర్లు చెక్కి ఉన్నాయి. ఒక ముఖాన అడుగు చట్రంలో ఇద్దరు మనుషులు నిలబడి, నేలలో నాటిన ఒక స్తంభాన్ని పట్టుకుని ఉన్నారు. అది యోసేపు కథలోని దృశ్యమని కొందరంటారు. కియరాన్, ఆనాటి రాజు డెర్మట్ కలిసి మొదటి మందిరానికి గుంజ పాతుతున్నారని ఎక్కువమంది చెబుతారు. కొయ్య మందిరం ఎప్పుడో పోయింది. ఆ రాతిలో మాత్రం భక్తుడు, రాజు ఇద్దరూ ఆ గుంజను ఇంకా పట్టుకునే ఉన్నారు.