పంట లెక్కయు, గృహస్థుని సంకల్పమును



సేద్యము జీవనాధారమే గాక వ్యాపారము కూడను. వ్యాపారము నడుపువాడు తన లక్ష్యములను ఏ విధముగా నిర్ణయించుకొనునో మనమును నేర్వవలసి యున్నది. ఈ సంగతి మాకు పుస్తకమువలన గాక, ఒక రైతు ప్రశ్నవలన తెలిసినది.

మేము చాలకాలము సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పొలములలో తిరుగుచు, ఎకరమునకు మరి రెండు బస్తాలు పండించుటయే పరమార్థమని బోధించుచుంటిమి. ఒకనాడు మిర్యాలగూడ చెంత ఒక రైతు, "అయ్యా, మీరు చెప్పినట్లే బస్తాలు పెరిగినవి. మరి అప్పు తరుగలేదేమి?" అని యడిగెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆయనతో కూర్చుండి ఖర్చులు వ్రాసి చూడగా, పెరిగిన బస్తాల వెలను అదనపు ఎరువులును, మందులును, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీయు మ్రింగివేసినవి. ఆ వడ్డీ ఏడాదికి నూటికి ఇరువదినాలుగగునని ఆయన లెక్కింపలేదు. మేమును అడిగి యుండలేదు. నాటినుండి మేము బస్తాలను గాక మిగులును అడుగుచున్నాము.

మిగులు తెలిసినవాని కోరికయు మారును. లెక్క లేనివాడు పొరుగువాని ట్రాక్టరును జూచి కోరుకొనును. లెక్క గలవాడు తన పద్దును జూచి కోరుకొనును. "ఇల్లు బాగుచేయించవలెను" అనునది కోరిక మాత్రమే. ఎంత సొమ్ము, ఎన్నాళ్లకు, ఏ పంటనుండి అని వ్రాసినప్పుడే యది సంకల్పమగును.

మూడెకరముల రైతునకు ఇంటి కప్పు వేయించుటకు మూడేండ్లలో 90,000 రూపాయలు కావలెననుకొందము. వానాకాలము, యాసంగి కలిసి ఆరు పంటలు, పంటకు 15,000. కాని 1967లో సాగరు కాలువలకు నీరు వదలినది మొదలు మన ఆయకట్టు మాగాణి యైనను, జలాశయము నిండని ఏండ్లును గలవు. 2024 సెప్టెంబరు మొదట కురిసిన పెనువానలకు నడిగూడెము మండలములో ఎడమ కాలువకే గండి పడినది. కావున ఒక పంట పోవునని యెంచి, అయిదు పంటలకే లెక్క వేయుట మేలు. అప్పుడు పంటకు 18,000, అనగా ఎకరమునకు 6,000 మిగులవలెను.

ఈ ఆరువేలు ఎచట దొరకును? వానయు ధరయు మన చేతిలోనివి కావు. ఖర్చు, తేమ, గడువు అను మూడును కొంతవరకు మన చేతిలోనివే. డ్రమ్ సీడరుతో విత్తినచో నారు పెంచుటయు, నాటు కూలియు తప్పును. అయితే కలుపును మొదటినుండి అణచవలెను. కొనుగోలు కేంద్రములలో ధాన్యపు తేమ 17 శాతమునకు మించరాదు. 2025-26 సంవత్సరమునకు ఏ గ్రేడు ధాన్యపు మద్దతు ధర క్వింటాలునకు 2,389 రూపాయలు. కోత యంత్రమునుండి పచ్చి ధాన్యమునే మిల్లునకు తోలువాడు, తప్పిన కూలిని, తగ్గిన ధరను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనవలెను. ఇక గడువు: మూడు లక్షలలోపు పంట ఋణమునకు వడ్డీ 7 శాతము, సకాలమున చెల్లించినవారికి కేంద్ర పథకము క్రింద 3 శాతము తగ్గును.

పద్దు పుస్తకమున ఎడమ పుట ఖర్చునకు, కుడి పుట రాబడికి ఉంచవలెను. ఇంటివారి కూలియు, సొంత భూమికైనను కౌలును ఖర్చుగనే వ్రాయవలెను. మార్కెట్టులో నిచ్చిన తక్‌పట్టీలను అందే భద్రపరుపవలెను. ఇంటి ఖర్చు వేరు పుస్తకమున నుండవలెను.

మమ్ము ప్రశ్నించిన రైతు ఆ యేట మరి అయిదెకరములు కౌలునకు పట్టదలచి యుండెను. లెక్క చూచుకొని మానుకొనెను. పొలము పెంచుట మాని, ప్రైవేటు అప్పు తీర్చుటయే మొదటి లక్ష్యముగ పెట్టుకొని, రెండేండ్లలో తీర్చెను. ఆయన గాదెలో బస్తాలు మునుపటికంటె ఎక్కువ లేవు. నోటు మాత్రము తిరిగి ఆయన చేతికి వచ్చినది.