తాతయ్య మాస్సీ.. నాలుగు లీకులు!

పాత ట్రాక్టర్ రాత్రి ఎక్కడ ఆగిందో తెలియాలంటే టైరు జాడలు చూడక్కర్లేదు. నేల మీద నల్లమచ్చ కనిపిస్తే చాలు. మా కొట్టంలో అలాంటి మచ్చలు నాలుగున్నాయి. ఒకటి ఇంజన్ కింద, ఒకటి క్లచ్ కింద, ఒకటి కుడివైపు వెనక చక్రం దగ్గర, ఇంకోటి వెనక లిఫ్ట్ కింద. వాటి మీద నిలబడి ఉండేది మా తాతయ్య కొన్న మాస్సీ ఫెర్గూసన్ 1035. తెనాలి దగ్గర మా పొలాల్లో ఏళ్ల తరబడి దమ్ము చేసి, ధాన్యం మోసి, మూడేళ్లుగా కదలకుండా ఉండిపోయింది. ‘ఇంజన్ బోరుకొచ్చింది, డబ్బు పెట్టినా దండగే’ అని చూసినవాళ్లు తేల్చేశారు. తుక్కు కొనేవాళ్లు వచ్చి బేరం కూడా ఆడారు. నాన్నకి అమ్మడం ఇష్టం లేదు, బాగు చేయించే ధైర్యమూ లేదు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. శని, ఆదివారాలు ఊరెళ్లి, మా ఊరి మెకానిక్ బాబాయ్ పక్కన కూర్చుని ఆ నాలుగు మచ్చల సంగతి చూశాను. ఏడు వారాలు పట్టింది. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఆ వరస చెబుతున్నా.

ముందు స్నానం చేయించాలి

పాత ఇంజన్ మీద నూనె, దుమ్ము కలిసి వేలెడు మందాన పేరుకుని ఉంటుంది. ఆ స్థితిలో ఏ సీల్ పోయిందో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే నూనె పుట్టినచోటే పడదు. బరువుకి కిందికి జారుతుంది, రేడియేటర్ ఫ్యాన్ గాలికి వెనక్కి పాకుతుంది. ముందువైపు పైన మొదలైన లీకు, వెనక కింద చుక్కై రాలుతుంది.

అందుకే మొదటి వారం ఒక్క బోల్టూ విప్పలేదు. గాలి గొట్టానికి, డైనమోకి పాలిథిన్ కవర్లు కట్టి, డీజిల్‌తో, తర్వాత సర్ఫు నీళ్లతో కడిగాం. బాగా ఆరాక అనుమానం ఉన్నచోటల్లా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాం. పదిహేను నిమిషాలు ఇంజన్ నడిపి ఆపేశాం. తెల్లటి పౌడర్ మీద నూనె గీత ఎక్కడ మొదలైందో ఇట్టే తెలిసిపోతుంది. ఫోన్ టార్చి వేసి, ఒకే కోణంలో ఐదు నిమిషాలకోసారి ఫొటోలు తీశాను. వరసగా చూస్తే గీత ఎలా పాకిందో సినిమాలా కనిపించింది.

‘మీ కంప్యూటర్ల పని కూడా ఇంతేనా అబ్బాయ్?’ అన్నారు బాబాయ్. ఇంతే బాబాయ్. తప్పు ఒకచోట ఉంటుంది, గోల ఇంకోచోట వినపడుతుంది.

గాలి ఆడని ఇంజన్

మొదటి మచ్చకి మూలం టాపెట్ కవర్ దగ్గర, ఇంజన్ అడుగున నూనె ఉండే సంప్ దగ్గర కనిపించింది. ప్యాకింగులు మార్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. బాబాయ్ మాత్రం ముందు బ్రీదర్ గొట్టం విప్పించారు.

సిలిండర్‌లో మండిన వాయువు కొంత పిస్టన్ రింగులను దాటి కిందికి దిగుతుంది. కొత్త ఇంజన్‌లోనూ ఇది కాస్త ఉంటుంది. ఆ గాలి బయటికి పోవడానికే బ్రీదర్. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీల్ పక్కనుంచి కూడా నూనెని బయటికి నెడుతుంది. మా గొట్టంలో గట్టిపడిన నూనె మడ్డి, దాని మూతి దగ్గర కందిరీగ మట్టిగూడు! గొట్టం శుభ్రం చేశాక మళ్లీ పౌడర్ చల్లి చూస్తే, నూనె కారడం సగానికి తగ్గింది.

తర్వాత ఇంజన్ నడుస్తుండగా నూనె పోసే మూత తీసి చూశాం. పొగ సన్నగా, మెల్లగా వస్తే ఫర్వాలేదు. దట్టంగా, రైలింజన్‌లా ఎగదన్నితే రింగులు, లైనర్లు అరిగాయని అనుమానించాలి. మాది సన్నగానే వచ్చింది. కంప్రెషన్ కూడా చూపించాం, బాగానే ఉంది. తుక్కు బేరం వరకూ తెచ్చిన ‘బోరు’ ఆ మట్టిగూడే.

మిగిలిన సగానికి కార్కు ప్యాకింగు కారణం. టాపెట్ కవర్ రేకుది. లీకు కనిపించినప్పుడల్లా బోల్టు బిగిస్తూ పోతే రేకు బోల్టు దగ్గర లోపలికి వంగి, రెండు బోల్టుల మధ్య పైకి లేస్తుంది. అంటే బిగించేకొద్దీ లీకు పెరుగుతుంది. కవర్‌ని చదునైన ఇనప దిమ్మ మీద పెట్టి, అంచుని చిన్న సుత్తితో సరిచేసి, కొత్త ప్యాకింగు వేశాం. సిలికాన్ పేస్టు మాత్రం దట్టంగా పూయకూడదు. లోపలికి పొంగిన ముక్క ఊడి, ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడితే ఇంజన్‌కే ముప్పు.

రెండు ముక్కలైన ట్రాక్టర్

రెండో మచ్చ క్లచ్ కింద. అక్కడ హౌసింగ్ అడుగున చిన్న కన్నం, అందులో వేలాడే స్ప్లిట్ పిన్ ఉంటాయి. లోపల నూనె చేరితే బయటికి తెలియడానికే ఆ కన్నం. కారుతోందని దాన్ని మూసేస్తే ఆ నూనె క్లచ్ ప్లేటుని తడుపుతుంది. అక్కడి చుక్కని వేలితో తీసి చూడాలి. నల్లగా, పల్చగా ఉంటే ఇంజన్ ఆయిల్. తేనెలా చిక్కగా ఉంటే గేర్ బాక్స్ నుంచి వచ్చినట్టు. మాది నల్లగా ఉంది. అంటే క్రాంక్ షాఫ్ట్ వెనక సీల్.

దాన్ని అందుకోవాలంటే ట్రాక్టర్‌ని నడిమికి విడగొట్టాలి. చాలా పాత ట్రాక్టర్లకి లారీలా ఛాసీ ఉండదు. ఇంజన్, గేర్ బాక్స్, వెనక హౌసింగ్ ఒకదానికొకటి బోల్టులతో కలిసి, అవే వెన్నెముకలా ఉంటాయి. 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌తో బాగా వ్యాపించిన పద్ధతి ఇది. విడగొట్టే ముందు ముందు యాక్సిల్‌కి రెండు వైపులా చెక్క మేకులు దిగ్గొట్టాం, లేకపోతే ఇంజన్ పక్కకి ఒరిగిపోతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా మందపాటి దిమ్మలు పెట్టాం.

ఈ పాత పెర్కిన్స్ తరహా ఇంజన్లో వెనక సీల్ అంటే రబ్బరు రింగు కాదు, రెండు సగాల హౌసింగ్‌లో కూర్చునే గ్రాఫైట్ తాడు. ముందు తాడు రెండు కొసల్నీ గాడిలో కూర్చోబెట్టాలి. కొసలు అంచు దాటి 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్ల వరకు బయటికి ఉండాలి. తర్వాత మధ్య భాగాన్ని నున్నటి గుండ్రటి కడ్డీతో నొక్కుతూ అదమాలి. బయటికి ఉన్న ఆ కాస్తే, రెండు సగాలు కలిసినప్పుడు ఒకదాన్నొకటి ఒత్తుకుని దారి మూస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో కొన్న ఆ తాడు ఖరీదు కన్నా ట్రాక్టర్ విడగొట్టి కలిపిన కూలీ ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే విప్పినప్పుడే క్లచ్ ప్లేటు, బేరింగు కూడా చూసుకోవాలి.

అసలు భయం ఇక్కడే

మూడో మచ్చ చిన్నదే. కానీ మిగతా మూడూ ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు. మా బండికి వెనక చక్రాల దగ్గర డ్రమ్ము బ్రేకులు. యాక్సిల్ సీల్ పోతే నూనె నేరుగా బ్రేకు లైనింగ్ మీదికి వస్తుంది. ట్రాక్టర్‌కి కుడి, ఎడమ బ్రేకు పెడళ్లు వేర్వేరు. రోడ్డెక్కేటప్పుడు రెంటినీ కలిపి గొళ్లెం వేస్తాం. ఒకవైపు లైనింగ్ నూనెలో నానితే ఆ చక్రం ఆగదు, రెండోది ఆగుతుంది. వెనక ధాన్యం ట్రక్కు, పక్కన కాలవ ఉన్న రోడ్డు మీద బండి ఒకవైపు లాగేస్తే ఏమవుతుందో మా డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

సీల్ ఎందుకు పోయింది? దమ్ములో బురదనీళ్లు దాని అంచుని ఏళ్లపాటు గీరాయి. మరో కారణం పైనే ఉంది. గేర్ రాడ్ దగ్గర రబ్బరు తొడుగు చిరిగిపోయింది. కొట్టం రేకులు కారి, వాననీళ్లు అందులోంచి దిగి, లోపలి నూనె పాలు కలిపిన టీలా మారింది. నీళ్లు చేరితే మట్టం పెరుగుతుంది, పెరిగిన మట్టం యాక్సిల్ దారి పడుతుంది. నూనె అంతా మార్చాం, తొడుగు వేశాం, రెండు వైపులా సీళ్లు మార్చాం. స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకి ఉండాలి. నానిన లైనింగులు కడిగితే పనికిరావు, కొత్తవే వేయాలి.

నాలుగో మచ్చ అలాగే ఉంది. లిఫ్ట్ షాఫ్ట్ ఓ-రింగుల దగ్గర నూనె ఊరుతోంది. పది సెకన్లకో చుక్క చొప్పున, మిల్లీలీటరుకి 20 చుక్కలు వేసుకుంటే, పది గంటల పనికి 180 మిల్లీలీటర్లు పోయినట్టు. మాది నిమిషానికొక చుక్క కూడా లేదు. మట్టం చూసుకుంటూ సంక్రాంతి దాకా ఆగొచ్చు. బ్రేకు దగ్గరిదైతే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

మీ ఇంట్లోనూ పాత ట్రాక్టర్ ఉంటే, ఈసారి ఊరెళ్లినప్పుడు వెనక చక్రాల లోపలివైపు టార్చి వేసి చూడండి. అక్కడ తడి కనిపిస్తే మాత్రం, ఆ రోజుకి తాళంచెవి నాన్న చేతికివ్వకండి.