‘నేను వాళ్ల మనిషినే’ అంటే చాలా?

2002లో మదురై దగ్గరి తిరుమంగలం సభలో తమిళనాడు నాయకుడు వైకో చేసిన ప్రసంగం దేశమంతా చర్చకు వచ్చింది. దాని చుట్టూ అల్లుకున్న అపోహలకూ లోటు లేదు.

అపోహ: శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈ సభ్యుణ్నని చెప్పుకున్నందుకు వైకోకు శిక్ష పడింది.

వాస్తవం: శిక్షా పడలేదు, కేసు సభ్యత్వం గురించీ కాదు. ఆ ఏడాది జూన్ 29న ఆయన సభలో ఎల్టీటీఈకి తాను మద్దతుదారునేనని, ఇకముందూ అలాగే ఉంటానని చెప్పారు. ఆ సంస్థ మీద 1992 నుంచే నిషేధం ఉంది. జులై 11న అమెరికా నుంచి తిరిగొచ్చి చెన్నై విమానాశ్రయంలో దిగగానే అరెస్టు చేశారు. పెట్టింది ఉగ్రవాద నిరోధక చట్టమైన పోటాలోని 21వ సెక్షను, అంటే మద్దతుకు సంబంధించినది. సభ్యత్వానికి 20వ సెక్షను వేరే ఉంది. ఇంతా చేసి, ఆ చట్టం తెచ్చిన వాజ్‌పేయి కూటమిలో ఆయన పార్టీ కూడా ఒకటి!

వేలూరు జైల్లో 19 నెలలు గడిపి 2004 ఫిబ్రవరిలో బెయిలు మీద బయటికొచ్చారు. జనం శిక్ష అనుకునేది ఈ 19 నెలలనే. అది రిమాండు. నా మటుకు నాకు, ఇలాంటి చట్టాల్లో మనిషిని ఎక్కువగా నలిపేది ఈ రిమాండే. తీర్పు వంతు ఆ తర్వాత ఎప్పటికో వస్తుంది.

అపోహ: నోరు జారితే నేరమే.

వాస్తవం: పోటా చెల్లుతుందంటూనే సుప్రీంకోర్టు 2003 డిసెంబరు 16న ఒక గీత గీసింది. ఉగ్రవాద కార్యకలాపాలకు ఊతమివ్వాలన్న ఉద్దేశం లేకుండా ఈ సెక్షన్ల కింద నేరం కాదంది. 2004లో పోటా పోయి, ఆ నిబంధనలు మార్పులతో చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా)లోకి వచ్చాయి. ఇప్పుడు ఉపా 38వ సెక్షను మాటల్లోనే ఆ షరతు ఉంది: నిషిద్ధ ఉగ్రవాద సంస్థతో సంబంధం ఉందని చెప్పుకోవడం ఒక్కటే చాలదు, దాని పనులు ముందుకు తీసుకెళ్లే ఉద్దేశమూ ఉండాలి. 2021లో కేరళ విద్యార్థుల బెయిలు కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

అపోహ: నేరం రుజువైతే యావజ్జీవమే.

వాస్తవం: 38 కింద గరిష్ఠం పదేళ్లు. కనిష్ఠం అంటూ లేదు. జడ్జి జరిమానాతో సరిపెట్టినా చట్టం కాదనదు. యావజ్జీవం దాకా వెళ్లేది ఉపాలోని 20వ సెక్షను, ఉగ్రవాద చర్యల్లో పాలుపంచుకున్న ముఠాలో, సంస్థలో నిజంగా సభ్యుడైనవాడికి. చెప్పుకోవడానికీ, అయి ఉండడానికీ చట్టం వేర్వేరు తూకాలు పెట్టింది.

అపోహ: ఏ పనీ చెయ్యని ఉత్త సభ్యుడికి నేరం అంటదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పేసింది.

వాస్తవం: చెప్పిన మాట నిజం, 2011లో. అది పాత ఉగ్రవాద చట్టం టాడా కింద అస్సాం నుంచి వచ్చిన కేసు. నిషిద్ధ సంస్థ ఉల్ఫాలో సభ్యుడన్న ఆరోపణకు, పోలీసు అధికారి ముందు ఇచ్చాడన్న వాంగ్మూలమే ఆధారం. కానీ 2023 మార్చి 24న ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. చట్టవిరుద్ధమని ప్రకటించిన సంఘంలో తెలిసీ సభ్యుడిగా కొనసాగడమే ఉపా 10వ సెక్షను కింద నేరమంది. దానికి రెండేళ్ల దాకా జైలు. పాత తీర్పు పట్టుకుని ధీమాగా ఉండే వీలు ఇప్పుడు లేదు.

వైకోకు శిక్ష పడ్డ మాట విన్నామే అంటారా? అది 2019 జులైలో. చెన్నైలో 2009లో చేసిన ప్రసంగం మీద ఏడాది జైలు, పదివేలు జరిమానా. ఆ కేసులోనే 2017లో తానే కోర్టుకు వెళ్లి, బెయిలు వద్దని పుళల్ జైలుకు వెళ్లారు. కాకపోతే అది రాజద్రోహం కేసు, 124ఏ సెక్షను. పోటాకు, తిరుమంగలం సభకు దానితో సంబంధం లేదు.