పుస్తకప్రియుడైన రాయబారి

14వ శతాబ్దమున ఇంగ్లండు రాజునకు పరదేశములందు స్థిరమైన రాయబార కార్యాలయములు లేవు. కార్యము కలిగినపుడు లాటిన్ భాష నేర్చిన మతాచార్యులను ఎంచి పంపుచుండెను. అట్టివారిలో రిచర్డ్ డి బరీ ఒకడు. ఆయన మూడవ ఎడ్వర్డు కొలువున చేరి, 1329లో రాజముద్రాధికారి అయ్యెను.

పుస్తకములన్న ఆయనకు ప్రాణము. ఇది తెలిసి, రాజసన్నిధిలో పనులు కావలసినవారు ధనమునకు బదులు గ్రంథములు తెచ్చుచుండిరి. సెయింట్ ఆల్బన్స్ మఠాధిపతి 4 గ్రంథములను కానుకగా ఇచ్చి, మరి 32 గ్రంథములను 50 పౌనులకు అమ్మెను. మఠచరిత్రకారుడు దీనిని గర్హించెను. పిదప బరీ డర్హమ్ బిషప్పయి, వానిలో కొన్నిటిని మఠమునకు మరలించెను.

ఆయన పోపు నివసించు అవిన్యాన్ నగరమునకు రాయబారిగా వెళ్లెను. అచ్చట ఇటలీ కవి పెట్రార్కు, ప్రాచీనులు చెప్పిన థూలే ద్వీపమెక్కడ ఉన్నదని ఆయనను అడిగెను. ఇంటికేగి పుస్తకములు చూచి తెలిపెదనని బరీ మాట ఇచ్చెను. పెట్రార్కు పలుమారు లేఖలు వ్రాసినను ప్రత్యుత్తరము రాలేదు.

1336లో ఫ్రాన్సు రాజుతో సంధి మాటలాడుటకు వెళ్లినవారిలో ఆయనయు ఉండెను. సంధి కుదరలేదు. 1337లో మొదలైన యుద్ధము, నడుమ విరామములతో, 1453 వరకు సాగెను.

1345లో, మరణమునకు కొలది నెలల ముందు, బరీ 'ఫిలోబిబ్లాన్' అను లాటిన్ గ్రంథమును ముగించెను. గ్రంథప్రేమ అని దాని అర్థము. యుద్ధముల వలన తమకు కలుగు వినాశమును గూర్చి పుస్తకములే అందు మొరపెట్టుకొనును. రాజకార్యము వలన వచ్చిన పలుకుబడి ఆయన ఇంటికి పుస్తకములను తెచ్చినది గాని, వానిని నాశనము చేయు యుద్ధమును ఆపలేకపోయినది.